ఇరవై నాలుగో రోజు నీళ్ళు

పోయిన వారం మా అపార్ట్‌మెంటు సెక్రటరీ మీద గట్టిగా అరిచాను. పటమటలో ఈ ఇంటికి వచ్చి చాలా ఏళ్ళయింది. ఇంతవరకు సెల్లారులో నా గొంతు విన్నవాళ్ళు లేరు. ఆ రోజు ఐదో అంతస్తు దాకా వినిపించిందట.

ఎండలకి బోర్లు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకుంటున్నాం. ఏ బ్లాకుకి ఏ రోజు ట్యాంకరో సెక్రటరీ తన ఫోనులో పట్టిక వేసుకున్నాడు. పొద్దున్నే వాచ్‌మన్ భార్య వచ్చి, "సార్, ఇవాళ ట్యాంకరు బి బ్లాకుకండీ. సంపు మూత తీసి ఉంచమంటారా?" అని అడిగింది. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే, "రేపమ్మా. నీకు లెక్కలేం తెలుసు, వెళ్ళి మెట్లు కడుగు" అన్నాడు. మధ్యాహ్నం ట్యాంకరు వచ్చి గేటు ముందు హారను కొట్టింది. బి బ్లాకుకే. సెక్రటరీ ఫోను చూసుకుని, "ఓ, ఇందులో అప్‌డేట్ అవలేదు" అని నవ్వాడు. ఆవిడ అక్కడే చీపురు పట్టుకుని నిలబడి ఉంది. తప్పు నాదని ఆవిడతో ఒక్క మాట చెప్పండి అన్నాను. "చిన్న విషయం కదండీ మేడమ్" అన్నాడు. ఇక నా నోటికి పగ్గాలు లేకుండా పోయాయి.

ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఒకరోజు ముందో వెనకో అన్న దానికి ఇంత మండిపడాలా అని ఎవరైనా అడగొచ్చు. ఆ సెక్రటరీ అబ్బాయి మీద వచ్చిన కోపంలో అతని వంతు కొంచెమే. మిగతాదంతా పాతది, నాకు పదేళ్ళప్పటిది.

మా ఊరు హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సు దిగి, కాలువ గట్టు వెంట చాలా దూరం లోపలికి వెళ్తే వచ్చేది. ఊరికి పేరుంది గానీ అందరూ శివారు అనే పిలిచేవారు. కాలువ నుంచి చీలిన పంటబోదె ముందు ఎగువూరి పొలాలన్నీ తడిపి ఆఖరున మా దాకా వచ్చేది. వచ్చేది అంటే, మిగిలితే వచ్చేది. కాలువ వదిలిన మొదటి రోజు పిల్లలమంతా బోదె గట్టు మీద కాచుకుని కూర్చునేవాళ్ళం. ఎర్రటి నీళ్ళు నురగ కక్కుతూ, ఎండుటాకుల్నీ పుల్లల్నీ ముందుకు తోసుకుంటూ వచ్చేవి. నెర్రెలిచ్చిన మట్టిలోకి అవి దిగుతుంటే బుడబుడమని చప్పుడు, ముక్కుపుటాలు అదిరే వాసన. నీళ్ళతో పందెం కట్టి వాటి పక్కనే పరిగెత్తేవాళ్ళం. శివారు నీళ్ళు కాబట్టి ఎప్పుడూ మేమే గెలిచేవాళ్ళం.

మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ ఊళ్ళో రోజుల లెక్కంతా ఆవిడ దగ్గరే ఉండేది. ఎవరి గేదె ఎప్పుడు ఈనుతుంది, ఎవరి కోడలికి ఎన్నో నెల, ఎవరింట్లో ఆవకాయ తిరగ కలపాల్సిన మూడో రోజు ఎప్పుడు, అన్నీ వచ్చి ఆవిడనే అడిగేవారు. వంటింటి గూట్లో కొబ్బరిచిప్పలు వరసగా ఉండేవి, ఒక్కో లెక్కకి ఒక్కో చిప్ప. తెల్లవారి పాలు పితికి వచ్చి, చేతులు కడుక్కుని, చిప్పకో చింతపిక్క వేసేది. ఆ తర్వాతే మాకు చద్దన్నంలో గడ్డ పెరుగు, పచ్చి ఉల్లిపాయ. ఆవిడ చీర కొంగు ఎప్పుడూ పొగ వాసన, పాల వాసన కలిసి వస్తుండేది.

ఆ పిక్కల్లో నాకూ ఒక వాటా ఉండేది, దొంగతనంగా. నేలలో గుంటలు తవ్వి పిక్కలు పంచుకుంటూ ఆడే గుంటలాటలో నేను ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. పిక్కలు అయిపోతే చిప్పలోంచి రెండో మూడో తెచ్చుకుని, సాయంత్రం మళ్ళీ పెట్టేసేదాన్ని. చాలా జాగ్రత్తగా పెట్టేదాన్ని అనుకునేదాన్ని.

ఆ ఏడు కాలువ ఆలస్యంగా వదిలారు. వానలూ లేవు. ఎలాగో నాట్లు పడ్డాయి గానీ ఉన్న నీళ్ళు అందరికీ చాలవని తేలిపోయింది. వంతులు పెట్టుకుందాం రమ్మని ఎగువూరి పెద్దాయన కబురు చేశాడు. శివారు పది ఇళ్ళ రైతులూ వెళ్ళారు. నాన్న వేలు పట్టుకుని నేనూ వెళ్ళాను.

పెద్దాయన ఇంటి అరుగు నల్లటి నాపరాళ్ళతో చల్లగా ఉండేది. "రండి రండి, కూర్చోండి. ఏవమ్మా, కాఫీలు పంపించు" అని ఆయన ఒకటే మర్యాద. లోపల గింజలు వేయించి పొడి కొట్టిన కాఫీ. ఆ వాసనకే మావాళ్ళు సగం మెత్తబడ్డారు. ఆయన దగ్గర అండీ లేకుండా మాట ఉండేది కాదు. ఎంత అన్యాయమైన మాటకైనా చివర అండీ తగిలించి వదిలేవాడు, వినేవాళ్ళకి అది అన్యాయంలాగే వినిపించేది కాదు.

"మాది ఎక్కువ పొలవండీ, మాకు ఆరు రోజులకోసారి. మీది తక్కువ కాబట్టి మీకు ఎనిమిది రోజులకోసారి. మిగతా రోజులు తూము దించేసి పక్క బోదెకి వదిలేద్దాం. ఏవంటారండీ?"

సరేనన్నారు. మా బడి మాస్టారు కాగితం, కలం పట్టుకుని పక్కనే ఉన్నారు. ఆయన కాపురం పెద్దాయన ఇంటి వెనక వాటాలోనే. అప్పుడు నాన్న ఒక ప్రశ్న అడిగాడు. మంచి ప్రశ్నే. "మరి ఇద్దరి వంతూ ఒకే రోజు పడితే ఎలాగండీ?"

మాస్టారు పొడుం పీల్చి, వేళ్ళ మీద ఏదో అనుకుని, "ఆరెనిమిదులు నలభై ఎనిమిది. నలభై ఎనిమిది రోజులకి ఒకసారి" అన్నారు. అలాగైతే ఆ ఒక్క రోజూ మాకు వదిలెయ్యండి, నీళ్ళు మా పొలాలు దాటే కదా మీకొచ్చేది అన్నాడు పెద్దాయన. పంట మొత్తానికి ఒకటో రెండో వంతులు, పోనీలెమ్మనుకున్నారు. మాస్టారు రాసి చదివారు. నలభై ఎనిమిది రోజులకొకసారి ఉభయుల వంతులు ఒకే దినమున వచ్చుననీ, ఆ దినమున నీరు ఎగువ వారికి చెందుననీ. నాన్న సంతకం చేశాడు, మిగతావాళ్ళు వేలిముద్రలు వేశారు. మర్నాటి నుంచి లెక్క మొదలు. నాయనమ్మ గూట్లో నీళ్ళకని కొత్త చిప్ప ఒకటి పెట్టింది. చిప్పలో ఎనిమిది పిక్కలు పడిన రోజున నాన్న పార భుజాన వేసుకుని తూము దగ్గరికి వెళ్ళేవాడు.

మొదటి వంతు నీళ్ళు వచ్చాయి. రెండోదీ వచ్చింది. మూడోసారి నాన్న వెళ్ళేసరికి తూము పైకెత్తి ఉంది. బోదె పక్కన ఎగువూరి వాళ్ళు గట్టుకి గండ్లలా ఉండే తమ మడవలు తీసుకుని పొలాలకి నీళ్ళు పెట్టుకుంటున్నారు. గట్టు మీద పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇవాళ మా వంతండీ" అన్నాడు నాన్న.

"మాదండీ. ఆరు రోజులైంది."

"మాకూ ఎనిమిదైందండీ."

"అలా ఎలా అవుద్దండీ? రెండు వంతులూ కలిసేది నలభై ఎనిమిదికి. కాగితంలో ఉంది. మనం మొదలెట్టి నెల కూడా కాలేదు కదా. మీ వంతు నిన్నో మొన్ననో దాటిపోయుంటది. చూసుకోవాల్సిందండీ, ఎంత పని జరిగింది!"

నొచ్చుకున్నాడు కూడా, పాపం. నాన్న వెనక్కి వచ్చి పార వాకిట్లో గిరాటేశాడు.

"నీ లెక్క తప్పిందమ్మా."

"తప్పలేదురా. ఎనిమిది పిక్కలూ ఉన్నాయి, చూడు."

"నువ్వు ఉన్నాయంటే సరిపోద్దా? కాగితం తప్పుద్దా? మాస్టారు రాశారు! ఒక పూట వెయ్యటం మర్చిపోయుంటావు. పది ఇళ్ళ నీళ్ళు పోయినయ్యి నీ మూలంగా."

నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. నోట్లో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ వారమే నేను పిక్కలు తీశాను. మూడు తీశానా, నాలుగు తీశానా? తిరిగి ఎన్ని పెట్టాను? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. నాయనమ్మ ఒక్కసారి తల తిప్పి నావైపు చూసింది. మళ్ళీ నాన్నవైపు తిరిగి, "ఏమో నాయనా, పెద్దదాన్నైపోయాను. తప్పేసే ఉంటాను" అంది.

అంత తేలిగ్గా అనేసింది. నేను నోరు విప్పలేదు. పిరికిదాన్ని. ఈ కథలో నేను కోప్పడాల్సినవాళ్ళ జాబితాలో నేనూ ఉన్నాను, ముందే చెప్తున్నాను.

మళ్ళీ వంతు వచ్చేదాకా పదహారు రోజులు పొలం ఎండింది. మళ్ళలో కాలు దూరేంత నెర్రెలు పడ్డాయి. కానీ నేను చెప్పాలనుకున్నది పొలం సంగతి కాదు. ఆ తర్వాత ఇంట్లో, ఊళ్ళో నాయనమ్మకి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాన్న ఆ చిప్పని గూట్లోంచి తీసేసి గోడ మీద బొగ్గుతో గీతలు గీయటం మొదలుపెట్టాడు. నాయనమ్మ పులుసు దించితే ఉప్పు వేసిందో లేదోనని అమ్మ గరిటెతో రుచి చూసేది. అంతకుముందు ఎప్పుడూ చూసింది కాదు. పొరుగింటావిడ తన కూతురి నెలలు అడగటానికి రోజూ వచ్చేది, రావటం మానేసింది. నీళ్ళరేవులో ఆడవాళ్ళు, "ముసలమ్మ చేతిలో పెట్టి కూర్చున్నారు, బుద్ధుండక్కర్లా?" అనుకోవటం నేను నా చెవులారా విన్నాను. ఒక్కొక్కటిగా మిగతా చిప్పలు కూడా నాయనమ్మే గూట్లోంచి తీసేసింది. పొద్దున్నే పాలు పితికి వచ్చి, చేతులు కడుక్కుని, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు నిలబడిపోయేది.

నలభై ఎనిమిదో రోజు వచ్చింది. కాగితం ప్రకారం నీళ్ళు ఎగువకి వెళ్ళాయి. అది ఒప్పుకున్నదే కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. చేను ఎలాగో బతికి, పొట్ట మీదకి వస్తోంది. ఆ అదనులో నీళ్ళు తప్పితే వెన్నులో పాలు పట్టదు, తాలు మిగులుతుంది. ఆ మాట ఇంట్లో రోజుకి నాలుగుసార్లు వినపడేది.

అప్పుడే బడిలో క.సా.గు. మొదలైంది. కనిష్ఠ సామాన్య గుణిజం. మాస్టారు పాఠం చాలా బాగా చెప్పేవారు, ఆ మాట దాచను. నాకు లెక్కల రుచి చూపించింది ఆయనే. అసలు మంట అక్కడే ఉంది.

"ఒక బుట్టలో జామకాయలున్నాయి. ఇంటికి ఆరుగురు పిల్లలు రావచ్చు, ఎనిమిదిమంది రావచ్చు. ఎంతమంది వచ్చినా ఒక్క కాయ మిగలకుండా, ఒక్కళ్ళు ఏడవకుండా సమానంగా పంచాలి. తక్కువలో తక్కువ ఎన్ని కాయలుండాలి?"

ముందు వరసలో ఒకడు లేచి, "ఆరెనిమిదులు నలభై ఎనిమిదండీ" అన్నాడు.

మాస్టారు పగలబడి నవ్వారు. "గుడ్డిగా హెచ్చవేసెయ్యటమేనట్రా? అన్ని కాయలెందుకు, మీ తాతకా? ఇటు చూడండి." రెండు అంకెల్నీ రెండుతో భాగించి, కింద మూడు, నాలుగు వేసి, చకచకా గుణించి చూపించారు. "ఇరవై నాలుగు చాలు. ఆరుగురొస్తే తలా నాలుగు, ఎనిమిదిమందొస్తే తలా మూడు. ఆరో ఎక్కం, ఎనిమిదో ఎక్కం మొట్టమొదట కలుసుకునేది ఇరవై నాలుగు దగ్గర."

కలుసుకునేది! నాకు చెవుల్లో గుయ్‌మంది. ఆరు రోజులకోసారి, ఎనిమిది రోజులకోసారి. మా మూడో వంతు, వాళ్ళ నాలుగో వంతు, ఇరవై నాలుగో రోజు. పిక్కలు తప్పలేదు. పెద్దాయన రోజుల లెక్కా తప్పలేదు. తప్పింది కాగితం. లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, నీళ్ళ కాగితంలో నలభై ఎనిమిదని రాశారండీ."

 ఆయన చేతిలో సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. నాకు అర్థమైనట్టే ఆయనకీ అప్పుడే అర్థమైంది, అది ఆయన మొహంలో కనిపించింది. ఆ క్షణంలో 'అవునమ్మా, పొరపాటు రాశాను' అని ఉంటే ఈ రోజు నేను ఇది రాయను. ఆ అరుగు మీద కావాలని రాశారని నేను ఎన్నడూ అనుకోలేదు. కాఫీ చేతిలో పెట్టుకుని తొందరలో హెచ్చవేశారు. ఎవరికైనా జరుగుతుంది.

"కూర్చో" అన్నారు. "జామకాయల లెక్క వేరు, నీళ్ళ లెక్క వేరు."

నేను కూర్చోలేదు. "రెండూ పంచుకోవటమే కదండీ" అన్నాను.

"బయటికెళ్ళి నిలబడు!"

బడి వదిలేదాకా ఎండలో నిలబెట్టారు. అరికాళ్ళు కాలుతుంటే ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతూ, అక్కడే నాకు ఆరో ఎక్కం, ఎనిమిదో ఎక్కం మళ్ళీ మళ్ళీ కలుసుకున్నాయి. ఇరవై నాలుగు, నలభై ఎనిమిది, డెబ్భై రెండు.

ఇంటికి వెళ్ళేసరికి నాయనమ్మ వాకిట్లో గోంగూర ఆకు వలుస్తోంది. అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. కాడలు నేల మీద పరిచి, ఎక్కడ కలుస్తాయో చూపించాను. ఆవిడ ఆ కాడల్ని వేలితో ఒక్కొక్కటే తాకి లెక్కపెట్టుకుంది.

"మళ్ళీ ఎప్పుడు కలుస్తాయి?"

గోడ మీద నాన్న బొగ్గు గీతలు లెక్కపెట్టాను. "ఎల్లుండి."

"ఊఁ" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. "నాయనమ్మా, పిక్కలు నేను తీశాను. ఆడుకోటానికి."

"తెలుసు."

"తెలుసా?"

"తీసినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. పెట్టినప్పుడూ చూశాను. ఒకసారి మూడు తీసి రెండే పెట్టావు. మూడోది నేనేశాను."

"మరి నాన్న అరుస్తుంటే చెప్పలేదేం?"

"ఏవని చెప్పమంటావు? పిల్ల చిప్పలో చెయ్యి పెట్టిందంటే నీ వల్లే నీళ్ళు పోయినయ్యంటారు. ఊరంతా అదే మాట. నీకిప్పుడిప్పుడే లెక్కలొస్తన్నయ్యి. నీ లెక్క తప్పు, నీ లెక్క తప్పు అని నలుగురూ అంటే ఇంక నీకు రావు. నాకేం, పోయేదాన్ని" అని మళ్ళీ ఆకు వలవటం మొదలుపెట్టింది.

నాన్నకి చెప్తే, "మాస్టారిని నిలదీసిందా ఇది?" అని ముందు నా మీదే చెయ్యెత్తాడు. నాయనమ్మ అడ్డం వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర నాన్న ముద్ద మింగకుండా గోడ మీది గీతలవైపే చూస్తూ కూర్చున్నాడు. ఎల్లుండి మనవరాలిని తీసుకుని తానూ తూము దగ్గరికి వస్తానంది నాయనమ్మ. వద్దని ఎవరూ అనలేదు.

డెబ్భై రెండో రోజు పొద్దున మంచు ఇంకా విడలేదు. తూము తాళం తీసే లస్కరు సాయిబు గారు నీళ్ళకి అడ్డంగా దించిన తూము పలక దగ్గర నిలబడి ఉన్నారు. ఒకవైపు ఎగువూరి వాళ్ళు, ఇంకోవైపు మావాళ్ళు. "ఇట్టా ఇద్దరి వంతూ ఒక్క రోజే పడటం ఇది మూడోసారండీ. ఎవరికి ఎత్తమంటారో మీరే తేల్చుకోండి" అన్నారాయన. పెద్దాయన మాస్టారికి కబురు పెట్టాడు. మాస్టారు కాగితంతో సహా వచ్చారు. నావైపు చూడలేదు.

నాయనమ్మ నా వీపు మీద తట్టింది. గట్టు మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఆరు అడుగులకో తుంగపుల్ల గుచ్చాను. మళ్ళీ మొదటికి వచ్చి ఎనిమిది అడుగులకో తుమ్మకొమ్మ గుచ్చాను. ఇరవై నాలుగో అడుగు దగ్గర పుల్ల, కొమ్మ పక్కపక్కన నిలబడ్డాయి. నలభై ఎనిమిది దగ్గర మళ్ళీ. డెబ్భై రెండు దగ్గర మళ్ళీ. మావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాన్న మాస్టారివైపు చూశాడు. మాస్టారు పొడుం డబ్బీ కోసం జేబు వెతుక్కుంటున్నారు.

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. నిజంగానే కొట్టాడు. "బంగారంలాంటి పిల్లండీ! లెక్కంటే లెక్కే. మాస్టారూ, దిద్దెయ్యండి."

మాస్టారు అక్కడికక్కడే కలం తీసి నలభై ఎనిమిది కొట్టేసి ఇరవై నాలుగు వేశారు. నా ఒళ్ళు పొంగిపోయింది. పెద్దాయన కాగితం అందుకుని తీరిగ్గా చదివాడు.

"ఇరవై నాలుగు రోజులకొకసారి ఉభయుల వంతులు ఒకే దినమున వచ్చును. ఆ దినమున నీరు ఎగువ వారికి చెందును. ఇప్పుడు సరిగ్గా ఉందండీ. ఇవాళ మాదే అన్నమాట. సాయిబు గారూ, ఎత్తండి."

నాన్న నావైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. లెక్క ఒప్పయింది, నీళ్ళు పోయాయి. అంతవరకు పొరపాటున పోయేవి, ఇకనుంచి కాగితం ప్రకారం పోతాయి. మూడు వంతుల్లో ఒకటి శాశ్వతంగా వాళ్ళకి రాసిచ్చేశాను. నేను గుచ్చిన పుల్లలవైపు చూశాను.  మాస్టారు చెప్పిన పాఠంలో అంతకు మించి లేదు.

"ఆగండి బాబూ" అంది నాయనమ్మ.

ఆవిడ ఆ తూము దగ్గర మాట్లాడటం ఎవరూ విని ఉండరు. చీర కొంగు భుజం మీద కప్పుకుని ముందుకు వచ్చింది.

"ఆ రోజు మీ అరుగు మీద మావోళ్ళు ఒప్పుకుంది ఏంటి? నలభై ఎనిమిది రోజుల్లో ఒక్క వంతు వదులుకుంటామన్నారు. ఒక్కటేగా? ఇప్పుడు ఆ నలభై ఎనిమిదిలో రెండుసార్లు కలుస్తన్నయ్యని తేలింది. ఒప్పుకున్న ఒక్కటీ వదులుకుంటాం, మాట తప్పం. రెండోది మాది. ఒకటి మీది, ఒకటి మాది, మళ్ళీ ఒకటి మీది, మళ్ళీ ఒకటి మాది. పోయిన తడవ మీరు పెట్టుకున్నారు. ఇయ్యాల మాది. మొదటిసారి మాది కూడా పట్టుకెళ్ళారు, అది నేనడగటంలా."

 సాయిబు గారు తల వంచుకుని, "సబబుగానే ఉందండీ" అన్నారు. ఎగువూరి వాళ్ళలోనే ఒకరు అవునన్నారు. పెద్దాయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, చిరునవ్వు తెచ్చుకున్నాడు.

"పెద్దావిడ నోరు తెరిచి అడిగితే కాదంటామా అండీ. తీసుకోండమ్మా, మీకంటే ఎక్కువా!"

మా నీళ్ళని మాకే దానం చేశాడు. దానికి మావాళ్ళు దణ్ణాలు కూడా పెట్టారు. ఇప్పుడు తలచుకుంటే ఆ దణ్ణాల మీదే ఎక్కువ కోపం వస్తుంది.

ఎగువ మడవలు మూసేశారు. పలక లేచింది. నీళ్ళు మా బోదె వైపు సాగాయి. ఆ ఏడు చేను గట్టెక్కింది, మొదట ఎండిన మళ్ళు తప్ప. ఇంటికి వస్తూ నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని, కనిపించిన ప్రతివాళ్ళకీ, "మా పిల్ల పట్టుకుంది తప్పు! మాస్టారి తప్పు పట్టుకుంది!" అని చెప్పాడు. నాయనమ్మ వెనక ఎక్కడో నడిచి వస్తోంది.

ఆ రోజు నీ లెక్క తప్పలేదమ్మా అని నాన్న ఆవిడతో అనలేదు. నీళ్ళరేవులో ఆడవాళ్ళు అనలేదు. పొరుగింటావిడ మళ్ళీ రాలేదు, ఆసుపత్రి చీటీ చూసుకుంటున్నానంది. మాస్టారు మర్నాడే నన్ను బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించారు, అదే ఆయన క్షమాపణ అనుకోవాలి కాబోలు. ఆ తర్వాత బడికి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా నన్ను నిలబెట్టి నీళ్ళ కథ తనే చెప్పేవారు. అందులో కాగితం ఎవరు రాశారో ఉండేది కాదు. నాయనమ్మ చిప్పలు మళ్ళీ గూట్లోకి ఎక్కలేదు. ఎవరైనా రోజులు అడిగితే, "నన్నడక్కండి, నేను తప్పేస్తాను" అనేది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. నిజంగానే అలా నమ్మిందో, నమ్మినట్టు ఉండటం అలవాటైపోయిందో నాకు తెలియదు. నలుగురూ కలిసి ఒక మనిషి చేతిలో ఉన్న విద్యని లాగేసుకున్నారు. ఎవరికీ అది చిన్న విషయం కూడా కాలేదు.

వీళ్ళందరి సంగతీ ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకుంటూనే వచ్చాను. అయితే మొన్న సెల్లారులోంచి పైకి వచ్చి కూర్చున్నాక ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది.

నేను గన్నవరంలో హైస్కూల్లో చదువుతున్న రోజుల్లో, ఇంట్లో ఏదో శుభకార్యం. చుట్టాలంతా చేరి, నీళ్ళ కథ చెప్పవే అన్నారు. అప్పటికి ఆ కథ నాకు నున్నగా అలవాటైపోయింది. జామకాయలు, ఎండలో నిలబడటం, పుల్లలు, కొమ్మలు, పెద్దాయన చప్పట్లు కొట్టటం. మాస్టారు నలభై ఎనిమిది కొట్టేశారు, పలక లేచింది, నీళ్ళు వచ్చేశాయి. అలాగే చెప్పాను. కొట్టివేతకీ పలక లేవటానికీ మధ్యలో ఏం జరిగిందో చెప్పలేదు. మర్చిపోయి కాదు. ఎప్పుడూ చెప్పేదాన్ని కాదు, అలా చెప్తేనే బాగుండేది.

నాయనమ్మ ఆ గదిలోనే గోడకి ఆనుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అంతా విన్నది. కథ అయ్యాక ఎవరో, "అబ్బో, ఎంత తెలివండీ మీ మనవరాలికి!" అన్నారు.

నాయనమ్మ తలెత్తి నావైపు చూసి, "దాని లెక్క ఎప్పుడూ తప్పదు" అంది.

నేను అవునన్నట్టు తల ఊపాను.